తెలుగు క్రైస్తవుల నిత్యారాధనమునందు కీర్తన స్థానము

ఆంధ్ర వాఙ్మయ చరిత్రలలో క్రైస్తవ కీర్తనలకు లభించిన స్థానము మిక్కిలి స్వల్పము. మంగళగిరి ఆనందకవి పదునెనిమిదవ శతాబ్దిలో రచించిన వేదాంతరసాయనము ప్రబంధ లక్షణములు కలదగుటచే విమర్శకుల దృష్టికి వచ్చినది. గుఱ్ఱము జాషువగారి క్రీస్తు చరిత్రము 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందుటచే అందఱకును పరిచితమైనది. ఈ రెండు కృతుల నడిమి కాలమున, వేలకొలది కుటుంబములు ప్రొద్దుననే లేచియు, రాత్రి పని చాలించియు పాడుకొనిన కీర్తనలు మాత్రము ‘మతప్రచార సాహిత్య’మను ఒక్కమాటతో ప్రక్కకు నెట్టబడినవి.

ఇందుకు కారణము ప్రశ్నను వేయవలసిన రీతిలో వేయకుండుటయే యని మేము భావించుచున్నాము. ఒక కీర్తనను పట్టుకొని, ఇందులో కవిత్వమెంత, పాండిత్యమెంత యని తూచుట సులభము. అంతకుముందు వేయవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఇది ఎవరి కొరకు, ఏ వేళ, ఏ యవసరమునకు పుట్టినది? క్రైస్తవ కీర్తన సభలో చదువుటకు వ్రాసినది కాదు. నిన్నటి కష్టమును మోసి నేటి కష్టమునకు లేవవలసినవాడు, ఆ నడుమ కొంత బలము కూర్చుకొనుటకు పాడుకొనినది. అక్షరాస్యుల దేశములలో గ్రంథము చేసిన పనిని తెలుగు పల్లెలలో నూరేండ్లకు పైగా కీర్తన చేసినది. ఈ వ్యాసమున మేము నిరూపింపదలచినది ఇంతమాత్రమే.

దినదినమును నూతనపడుట యను భావము బైబిలునందు మొదటినుండియు కలదు. నిర్గమకాండము పదునారవ అధ్యాయమున ఇశ్రాయేలీయులు ఎడారిలో ఏరుకొనిన మన్నా ఏనాటి భాగము ఆనాటిదే. విశ్రాంతిదినమునకై దాచినది తప్ప, మరునాటికి నిలువచేసినది పురుగుపట్టెను. దైవకృప ప్రతి ప్రభాతమున క్రొత్తదగునని విలాపవాక్యములు చెప్పుచున్నవి. బాహ్యశరీరము కృశించుచున్నను అంతరంగ పురుషుడు దినదినము నూతనుడగునని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పెను. ఇందలి విశేషమేమనగా, ఈ బలము ఒక్కమారు సంపాదించి పెట్టెలో దాచుకొనదగిన ధనము కాదు. కూలివాని బియ్యము వంటిది. ఏ పూటకాపూట తెచ్చుకొనవలసినదే. కూలిచేయు జనులకు ఈ ఉపమానము వ్యాఖ్యానము లేకయే తెలిసియుండును.

ఐరోపాలో ఈ నిత్యకృత్యము గ్రంథము నాశ్రయించి పెరిగినది. సన్న్యాసి మఠములలో దినమును గడియలుగా విభజించి కీర్తనల గ్రంథమును పఠించెడివారు. ఇంగ్లండులో 1549నాటి సామాన్య ప్రార్థన గ్రంథము ఆ గడియలను కుదించి ఉదయ ప్రార్థనము, సాయంకాల ప్రార్థనము అను రెంటిని నిలిపెను. తరువాతి ప్రొటెస్టంటు గృహములలో గృహయజమాని బైబిలు తెరచి చదువుట, తక్కినవారు వినుట ఆచారమయ్యెను. మిషనరీలు మన దేశమునకు తెచ్చిన పద్ధతి ఇదియే. అందుచేత వారు మొదట గ్రంథము కొరకే శ్రమించిరి. బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును తెనిగించెను గాని అది అచ్చు కాలేదు. జర్మనీలోని హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో అతడు వేయించిన చిన్న పుస్తకములు తెలుగు ముద్రణమునకే తొలి యుదాహరణములైనవి. లండను మిషనరీ సంఘమువారైన క్రాన్, డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరిరి. ఆరేండ్లు తిరుగకమునుపే ఇరువురును మరణించిరి. వారు ప్రారంభించిన పని ఇతరుల చేతులమీదుగా సాగి, 1818 నాటికి క్రొత్త నిబంధన తెలుగున అచ్చయ్యెను. గ్రంథము వచ్చినది. దానిని తెరచి చదువగల గృహయజమాని మాత్రము పల్లెలలో లేడు.

ఈ లోటును పూరించినవారిలో ప్రథమగణ్యులు పురుషోత్తమ చౌదరిగారు. పర్లాకిమిడి ప్రాంతమునందలి మదనపురమున బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించిరి. తెలుగు కరపత్రములు చదివి క్రైస్తవ మతమునందు ఆసక్తులై, 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట ఉత్తర సర్కారులలో సువార్త బోధకులుగా దీర్ఘకాలము జీవించి 1890లో పరమపదించిరి. వారి కీర్తనలు నూటికి మించియున్నవి. వానిలో పెక్కు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను సంకలనమున చేరి, సంఘభేదములు లేక నేటికిని పాడబడుచున్నవి.

చౌదరిగారి జీవితకాలమును గమనింపవలెను. త్యాగరాజస్వామి 1847 వరకు జీవించిరి. అనగా చౌదరిగారు కీర్తనలు వ్రాయ మొదలిడునాటికి తెలుగు కీర్తన తన ప్రౌఢదశయందున్నది. రామదాసు కీర్తనలు భజన గోష్ఠుల ద్వారమున ఊరూర వ్యాపించియున్నవి. క్రొత్త మతమున చేరినవాడు పాత సంగీతమునుగూడ విడిచిపెట్టవలెనని అనుకొనియుండిన, ఆంగ్ల గీతములకు తెలుగు మాటలు పొదిగి తృప్తి నొందియుండెడివాడు. అట్లు చేసినవారును ఉన్నారు. ఆ యనువాద గీతములలో పెక్కింటియందు తెలుగు మాట గురువు నిలువవలసినచోట లఘువై, లఘువు కావలసినచోట సాగి, పాడువాని గొంతునకు అడ్డుపడును. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణము అను దేశీయ నిర్మాణమును, రాగతాళ నిర్దేశమును, ప్రాసను, అన్నిటికంటె ముఖ్యముగా శరణాగతి భాషను నిలుపుకొనిరి. పాపము, కృప, కరుణ, శరణు, దాసుడు అను మాటలు అప్పటికే భక్తులైన శ్రోతలకు చెవికి అలవాటుపడిన మాటలు. వాని యర్థము కొంత మారినది, ధ్వని మారలేదు.

ఈ నిర్మాణమునకును నిత్యారాధనమునకును గల సంబంధమును కొంత వివరించుట యుక్తము. పల్లవి తిరిగివచ్చునది. చౌదరిగారి మార్గమున నడచిన కీర్తనలలో సామాన్యముగా పల్లవి ఒక వేడికోలు. పాడువాడు తన దైన్యమును చెప్పుకొని ఆశ్రయము కోరును. చరణములు క్రీస్తు శ్రమలనో, కృపనో వర్ణించుచు పోవును. ఒక్కొక్క చరణము ముగిసినప్పుడు అదే వేడికోలు మరల వచ్చును. మాటలు మారవు గాని, మొదట భయముతో పలికినది మూడవమారు కొంత నమ్మకముతో పలుకబడును. వేదాంతపరిభాషలో నూతనీకరణమని చెప్పదగినది కీర్తన తన నడకలోనే పాడువానిచేత చేయించుచున్నది. ఇది బోధ కాదు, అభ్యాసము. మరునాడు అదే కీర్తనను పాడినను విసుగు పుట్టకుండుటకు ఇదియొక కారణమై యుండవచ్చును.

పాడు పద్ధతిని గూర్చియు ఒకమాట. ఒకరు చరణపాదమును ముందు పాడగా తక్కినవారు దానినే మరల పాడుదురు. పుస్తకము ఒక్కటున్న చాలును. ఒక్కొక్కచోట అదియును అక్కరలేదు. ఈ విధమున అక్షరము రాని వృద్ధురాలును, ఆరేండ్ల బాలుడును ఒకే కాలమున కీర్తనను కంఠస్థము చేసికొందురు. చౌదరిగారి సంస్కృత సమాసములు పామరులకు ఎట్లు తెలియునని కొందఱు ఆక్షేపింతురు. తెలియనివి కొన్ని కలవు, అది కాదనలేము. కాని యక్షగానములు, హరికథలు రాత్రులు విని పెరిగిన తెలుగు పామరుని చెవి మనము తలచునంత పేదది కాదు. సమాసమును విడదీసి చెప్పలేకపోవచ్చును గాని, అది ఎక్కడ దుఃఖమో ఎక్కడ స్తుతియో అతడెరుగును. బైబిలు అనువాదములోని వాక్యనిర్మాణమును గూర్చి పండితులు చేసిన పరిహాసము కీర్తనలకు అంటకుండుట గమనింపదగినది.

ఇంతవరకు చెప్పినది రచన సంగతి. ఆ రచనకు అవసరమేర్పడిన జీవితము ఎట్టిదో తెలియుటకు ఒంగోలు ప్రాంతమునకు పోవలెను. అమెరికను బాప్తిస్టు మిషను 1840లో నెల్లూరున స్థిరపడి, చాలకాలము ఫలితములేక, మూసివేయబడు స్థితికి వచ్చియుండెను. 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున లైమన్ జ్యూయెట్ దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలులోని ఒక కొండపై కూడి, ఒకరి తరువాత నొకరు ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండయను పేరు నిలిచినది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరునాటికి ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము కోరి సిద్ధముగా నుండెను.

పేరయ్యగారి పూర్వచరిత్ర మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. ఆయన తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకమునుపే రాజయోగ మార్గమున ఉపదేశము పొంది, శిష్యులను గూడ కూర్చుకొనినవాడు. క్లౌ గారి రెండవ భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ వృత్తాంతమును మాదిగ వృద్ధుల నోటినుండి విని వ్రాసెను. మాదిగపల్లెలలో ఆధ్యాత్మిక సాధన లేదనియు, మిషనరీలు వచ్చి దానిని తెచ్చిరనియు అనుకొనువారు ఈ గ్రంథము చూడవలెను. నిత్యము కొంతసేపు నిశ్చలముగా కూర్చుండి లోపలికి చూచుట పేరయ్యకు క్రొత్త కాదు. మారినది ధ్యేయము. ఊరిలోని రామమందిరపు భజన వారికి వెలుపలినుండి వినవచ్చునదే గాని, లోపలికి పోయి పాడవచ్చునది కాదు. లోపల కూర్చుండి పాడుటకు ఒక తావు దొరకుట సామాన్య విషయమా?

ఆ తావునకు వెల యెక్కువ. బాప్తిస్మము పొందినవారు ఆదివారము పనిచేయరాదనియు, చచ్చిన పశువు మాంసము తినరాదనియు, విగ్రహములను పూజింపరాదనియు నియమము పెట్టుకొనిరి. గ్రామవ్యవస్థలో మాదిగలు చేయవలసిన ఊడిగమున డప్పు కొట్టుట, పశుకళేబరము తీయుట, కబురు వచ్చినదే పరుగిడుట చేరియున్నవి. నియమము పాటించిన దినముననే వ్యవస్థతో కలహము తప్పలేదు. కరణములు, పెద్దరైతులు కూలి మాన్పించిరి; దొంగతనము నేరములు మోపిరి; నీటిరేవులకు రానీయలేదు; కుమ్మరి, చాకలి వారికి పనిచేయరాదని కట్టడి చేసిరి. ఇది ఒకనాటి పరీక్ష కాదు. ఒకమారు కొట్టి వదలివేసిన హింసకు ఒక్కనాటి ధైర్యము చాలును. నీటికుండ తీసికొని పోయిన ప్రతి ఉదయమును ఎదురగు హింసకు ప్రతి ఉదయమును ధైర్యము కావలెను. నిత్యారాధనము అను మాటకు ఈ పల్లెలలో గల యర్థము ఇది.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున సంభవించిన మహాక్షామమున, క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని వేలకొలది జనులకు పని కల్పించెను. బోధకులు ఆ కూలిజనుల నడుమ మేస్త్రీలుగా పనిచేయుచు, సాయంకాలములయందు వారితో కూర్చుండి మాటలాడిరి. ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన మత్తయి సువార్త వాక్యమును వారు మాటిమాటికి చెప్పుచుండిరని క్లౌ గారు తన స్మృతులలో వ్రాసెను. తట్టలో మన్ను మోయువానికి ఈ వాక్యము అలంకారము కాదు. గ్రంథమంతయు అందనిచోట ఒక్క వాక్యము నోటినుండి నోటికి గ్రంథమైన తీరునకు ఇంతకంటె మంచి తార్కాణము మాకు దొరకలేదు.

అన్నము కొరకు మతము మారిరను మాట ఈ సందర్భమున తరచు వినబడును. దానిని కోపించి త్రోసివేయుటకంటె పరిశీలించుట మేలు. క్షామము ముమ్మరముగానున్న కాలమున క్లౌ గారు బాప్తిస్మములు నిలిపివేసెను. సహాయకార్యము ముగిసిన పిమ్మట మాత్రమే మరల ప్రారంభించెను. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్షామము చూపిన దయ వారి మనసులను త్రిప్పలేదని మేము అనము. ఆకలినాడు చేయూత నిచ్చినవానిని నమ్ముట మానవ స్వభావము. అయినను ఆనాటి జొన్నలు ఆనాటితో తీరినవి. తరువాత మూడు తరములవారు రాత్రివేళ కూడి పాడుటకు ఆ జొన్నలు కారణము కానేరవు. సంఖ్యలను చూచి ఆశ్చర్యపడుటయో, శంకించుటయో చేయు చరిత్రకారుడు, బాప్తిస్మమునకు మరునాటి ఉదయమును గూర్చి ఆలోచింపకుండుట మన చరిత్ర రచనలోని పెద్ద వెలితి.

ఈ యభ్యాసము సముద్రము దాటియు నిలిచినది. నేటాలు చెరకు తోటలకును, తేయాకు తోటలకును ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువారిలో బాప్తిస్టు క్రైస్తవులుండిరి. వారి కొరకు తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషను సంఘము జాన్ రంగయ్యగారిని 1903లో దక్షిణాఫ్రికాకు పంపినది. అదే సంవత్సరమున కియర్స్‌నీ తేయాకు తోటయందు తెలుగు సంఘము ఏర్పడెను. తెలుగువారు తమ డబ్బుతో తమ బోధకుని విదేశమునకు పంపుట ఆ కాలమున అరుదైన సంగతి.

రాత్రి ప్రార్థనము ఒక వ్యవస్థగా రూపొందినది డోర్నకల్ ప్రాంతమున. వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతపు తమిళులు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన భారతీయ మిషనరీ సంఘమునకు ఆద్యులలో నొకరు. డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయులు వారే. వారి సంఘములలో అత్యధికులు మాల, మాదిగ కులములకు చెందిన వ్యవసాయ కూలీలు. సూర్యోదయమునకు ముందే పొలమునకు పోవువారికి ఉదయ ప్రార్థనము గృహస్థుల పద్ధతిని జరుగుట అసాధ్యము. కాబట్టి పల్లె ప్రార్థనము రాత్రికి మారినది. ఉపదేశి గంట కొట్టును. కూలి ముగించి, గంజి త్రాగి జనులు వత్తురు. కీర్తన, బైబిలు కథ, కంఠస్థ పాఠము, ప్రార్థన. నాట్ల కాలమున సగము మంది నిద్రలో తూగుచుందురు. దీనిని మిషను నివేదికలు అంతగా చెప్పవు గాని, పల్లె నెరిగినవారికి తెలియును. నిద్రలో తూగుచును పల్లవి వచ్చినప్పుడు నోరు కదల్చిన ఆ కూలిమనుష్యుని భక్తి తక్కువదని మేము తలపము.

అజరయ్యగారు దేశీయ గానమును, నాటకమును, కోలాటమువంటి రూపములను ఆరాధనకు అనుకూలముగా చేసికొనుటను ప్రోత్సహించిరి. వారు కట్టించి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ దేవాలయమున హైందవ, మహమ్మదీయ శిల్పరీతులు క్రైస్తవ శిల్పముతో కలసియున్నవి. చౌదరిగారు కీర్తనలో చేసినదానిని వీరు రాతితో చేసిరని చెప్పవచ్చును. అయితే కీర్తనకు ఖర్చు లేదు.

ఇచట ఒక కఠిన సత్యమును దాచుట తగదు. అందఱును ఒకే శరీరమునకు అవయవములని పాడిన ఆ కీర్తననే పెక్కు గ్రామములలో మాలపల్లెవారు ఒక మందిరమున, మాదిగపల్లెవారు మరియొక మందిరమున పాడిరి. ఒంగోలు బాప్తిస్టులలో మాదిగలు, మరికొన్ని మిషనులలో మాలలు హెచ్చుగా చేరుటచే కులభేదము సంఘభేదముగా వేషము వేసికొనినది. అజరయ్యగారు దీనితో జీవితాంతము పోరాడి, 1945లో మరణించునాటికి పూర్తిగా గెలువలేదు. నిత్యారాధనము మనుష్యునికి ఊరి దౌర్జన్యమును ఓర్చు బలము నిచ్చినంతగా, ప్రక్క పల్లెకు నడచిపోవు బలము ఈయలేదు. ఎందుచేత? రాత్రి ప్రార్థనము తన పల్లె నడుమ, తన వారి నడుమ జరుగునదగుటయే దాని బలము. దాని పరిమితియు అదియే యని మాకు తోచుచున్నది. వారమున కొకదినము రెండు పల్లెలవారును కలసి ప్రార్థించిన గ్రామములు ఉన్నచో, అచట ఏమి జరిగెనో విడిగా పరిశోధింపవలసిన విషయము.

పరిశోధక విద్యార్థులకు మరియొక పని మిగిలియున్నది. సంకలనములలో ప్రతి కీర్తనపైనను రాగతాళములు అచ్చువేసియున్నవి. సంఘములలో పాడు వరుస ఆ రాగముతో పొందని తావులు అనేకములు. ఇది చెడిపోవుట యని సంగీతజ్ఞులు విచారింతురు. రాత్రి ప్రార్థనలలో మూడు తరముల గొంతులమీదుగా వచ్చిన వరుస, ఆ పల్లెలోని కోతపాటల నుండియో, భజనల నుండియో ఏమి గ్రహించినదో తెలిసికొనక దానిని తప్పు అనుట తొందరపాటగును. ఒకే కీర్తనకు విశాఖపట్టణ ప్రాంతమున ఒక వరుసయు, పల్నాటిలో మరియొక వరుసయు ఉన్నచో రెంటిని స్వరపరచి పోల్చవలెను. పుస్తకము చూడక పాడు వృద్ధులు అరుదగుచున్నారు గనుక ఈ సేకరణము ఆలస్యము కారాదు. వారియొద్దకు పోవువారు కీర్తన సంఖ్య చెప్పి అడుగరాదు. వారికి సంఖ్యలు తెలియవు. పల్లవిలోని మొదటి రెండు మాటలు అందించి, తాళము వేయుచు ఊరకుండిన చాలును; తక్కినది వారే పాడుదురు.